కట్టర్ సైజు లెక్క: చిన్న సీఎన్‌సీ మిల్లు మీద కొలత తప్పకుండా కోయడం

80 మి.మీ. చదరం గీసి, ఆ గీత మీదే సీఎన్‌సీ మిల్లులో (ప్రోగ్రాంతో నడిచే కోత మెషిన్) 6 మి.మీ. ఎండ్‌మిల్ కట్టర్‌ని నడిపిస్తే చేతికొచ్చే ముక్క 74 మి.మీ. ఉంటుంది. మెషిన్ నడిపేది కట్టర్ నడుముని, కోసేది దాని అంచు. అందుకని కట్టర్‌ని గీతకి సగం సైజు పక్కకి జరిపి నడపాలి. ఇంతవరకు ఎవరికైనా చప్పున అర్థమవుతుంది. చిక్కంతా ఆ సగం ఎంత అనే దగ్గరే. డబ్బా మీద 6 అని రాసున్న కట్టర్ ఒక మెషిన్‌లో 5.92 కోస్తుంది, ఇంకో మెషిన్‌లో 6.05 కోస్తుంది. సికింద్రాబాదు రాణీగంజ్ నుంచో బెంగళూరు నుంచో సాన పట్టిన సెకండ్‌హ్యాండ్ కట్టర్లు తెచ్చుకుంటే, 5.7కి దిగిపోయినవి కూడా అందులో ఉంటాయి.

కాబట్టి ప్రోగ్రాంలో ముక్క కొలతలు మాత్రమే రాయాలి. కట్టర్ సైజుని విడిగా ఒక్కచోట పెట్టుకుని, కోసిన ముక్కని కొలిచి ఆ ఒక్క అంకెనే దిద్దాలి. అలా అలవాటు చేసుకుంటే కట్టర్ అరిగినా, మారినా ప్రోగ్రాంని ముట్టుకునే పని ఉండదు.

ఉదాహరణకి మోటారు వైండింగ్ షాపుల్లో రోజూ చేతిలో తిరిగే 6204 బేరింగ్‌నే తీసుకుందాం. దాని లోపలి కొలత 20, బయటి కొలత 47, వెడల్పు 14 మి.మీ. అది కూర్చునేందుకు 80×80, 16 మి.మీ. మందం అల్యూమినియం ప్లేటు కావాలి. నట్టనడుమ 47 మి.మీ. గుంత, 14 లోతు. అడుగున షాఫ్టు పోవడానికి 30 మి.మీ. రంధ్రం. బయటి 80 కొలత 0.1 అటూ ఇటూ అయినా ఫరవాలేదు. గుంత మాత్రం 47.00కీ 47.02కీ మధ్య రావాలి. 46.95 వస్తే బేరింగ్ దిగదు, సుత్తితో కొట్టి దింపితే నాలుగు రోజుల్లో మోత మొదలవుతుంది. 47.08 వస్తే బయటి రింగు గుంతలో తిరుగుతూ అల్యూమినియంని తినేస్తుంది.

మీ కంట్రోలర్‌కి ఈ పని తెలుసా?

3018 తరహా చిన్న మెషిన్లలో ప్రోగ్రాం చదివి మెషిన్‌ని నడిపే కంట్రోలర్‌గా ఎక్కువగా ఉండేది జీఆర్‌బీఎల్. దానికి జీ41, జీ42, అంటే కట్టర్‌ని గీతకి పక్కగా జరిపి నడపమనే కోడ్‌లు, తెలియవు. రద్దు చేసే జీ40 ఒక్కటే తెలుసు. జీ41 ఉన్న ఫైలు పంపితే ఎర్రర్ 20 చూపిస్తుంది. అలాంటి మెషిన్‌కి కట్టర్‌ని పక్కకి జరిపే లెక్కంతా క్యామ్ సాఫ్ట్‌వేరే (బొమ్మ నుంచి మెషిన్ ప్రోగ్రాం తీసిచ్చేది) చేయాలి. ఫ్యూజన్ అనే క్యామ్‌లో అయితే కాంపెన్సేషన్ (కట్టర్‌ని పక్కకి జరిపే ఈ లెక్క) టైప్ దగ్గర ‘ఇన్ కంప్యూటర్’ ఉండాలి. ‘ఇన్ కంట్రోల్’ గానీ ‘వేర్’ గానీ పెడితే జీ41 అడుగుతుంది, జీఆర్‌బీఎల్ దగ్గర ఆగిపోతారు. ఫ్రీక్యాడ్‌లో ప్రొఫైల్ ఆపరేషన్‌కి ‘యూజ్ కాంపెన్సేషన్’ టిక్ ఉండాలి, ఇన్‌సైడా అవుట్‌సైడా సరిచూసుకోవాలి.

కంప్యూటర్ మీద నడిచే కంట్రోలర్లు మాక్3కీ లినక్స్‌సీఎన్‌సీకీ జీ41 వచ్చు. బయటి అంచులకి రెండూ సరిపోతాయి. ఇరుకైన లోపలి మూలలున్న జాబ్‌కి మాత్రం మాక్3 మీద పూర్తిగా భారం వేయడం కంటే క్యామ్‌లో జరుపుకోవడమే నయం. కింద ఇచ్చిన ప్రోగ్రాంలు లినక్స్‌సీఎన్‌సీకి రాసినవి. ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఇచ్చాం, మెషిన్‌లోకి మామూలు జీ-కోడ్ అక్షరాలతోనే ఎక్కించండి.

ఎక్కడైనా పని మొదలుపెట్టే ముందు ఒకటి కనుక్కోవాలి: టూల్ టేబుల్‌లో (కట్టర్ల సైజులు కంట్రోలర్‌లో రాసి పెట్టుకునే పట్టిక) రాయాల్సింది వ్యాసమా, వ్యాసార్ధమా? లినక్స్‌సీఎన్‌సీ టూల్ టేబుల్‌లో రాసేది వ్యాసం. పెద్ద ఫ్యాక్టరీ కంట్రోలర్లలో సెట్టింగుని బట్టి ఏదైనా కావచ్చు. ఐటీఐలోనో ఫ్యాక్టరీలోనో వ్యాసార్ధం రాయడానికి అలవాటుపడిన చెయ్యి లినక్స్‌సీఎన్‌సీలో 3 అని కొడితే, కట్టర్ ఒక్కో పక్కన 1.5 మి.మీ. లోపలికి దిగుతుంది, ముక్క పోతుంది.

ఎడమా, కుడా

కట్టర్ వెళ్ళే వైపు ముఖం పెట్టి దాని వెనకాల నడుస్తున్నట్టు ఊహించుకోండి. కట్టర్ గీతకి ఎడమన ఉండాలంటే జీ41, కుడిన ఉండాలంటే జీ42. స్పిండిల్ (కట్టర్‌ని పట్టుకుని తిప్పే భాగం) మామూలుగా ఎం3 దిశలో, అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంటే జీ41 ఎప్పుడూ క్లైంబ్ మిల్లింగే (కట్టర్ పన్ను మందంగా మొదలై సన్నగా ముగిసేలా కోయడం). బయటి అంచుని గడియారం ముల్లు దిశలో చుట్టాలి, లోపలి గుంతని దానికి ఎదురు దిశలో చుట్టాలి. రెండింటికీ జీ41 సరిపోతుంది.

3018లో ఉండే సాదా టీ8 లీడ్‌స్క్రూకి (మెషిన్‌ని జరిపే మర) ప్లే, అంటే వదులు, ఎక్కువ. క్లైంబ్‌లో కట్టర్ జాబ్‌ని తనవైపు లాక్కుంటుంది కాబట్టి అల్యూమినియం మీద అలాంటి మెషిన్ కుదుపుతుంది. దీనికి ఎదురు పద్ధతి కన్వెన్షనల్‌కి మారాలంటే చుట్టే దిశనీ తిప్పాలి, జీ41ని జీ42గానూ మార్చాలి. రెండూ కలిపి మార్చాలి. కోడ్ ఒక్కటే మార్చి దిశని అలాగే వదిలేస్తే కట్టర్ గీత లోపలికొస్తుంది, 80 రావాల్సిన ముక్క 68 వస్తుంది.

వదులు తక్కువుండే బాల్‌స్క్రూ ఉన్న 6040 తరహా మెషిన్‌కి క్లైంబే మంచిది, ఫినిష్ నునుపుగా వస్తుంది. రఫ్‌కి (మొదటి మోటు కోత) ఒక దిశ, ఫినిష్‌కి (ఆఖరి నునుపు కోత) ఒక దిశ వాడటం తప్పేమీ కాదు. కానీ ఫినిష్ పాస్ దిశ ఒకసారి నిర్ణయించుకున్నాక మార్చొద్దు. కట్టర్ వంగే తీరు దిశని బట్టి మారుతుంది: క్లైంబ్‌లో ముక్కకి దూరంగా వంగుతుంది, కన్వెన్షనల్‌లో ముక్కలోకి గుంజుకుంటుంది. ఒక దిశలో కొలిచి పెట్టుకున్న సైజు రెండో దిశకి పనికిరాదు.

బయటి అంచు ప్రోగ్రాం

ముడి ప్లేటు 84×84, అంటే నాలుగు పక్కలా 2 మి.మీ. అదనం. ముందే నాలుగు మూలల్లో బోల్టు రంధ్రాలు వేసి, వాటితోనే కింద ఎండీఎఫ్ పలకకి బిగించాలి. అంచు చుట్టూ క్లాంపు అడ్డం ఉండకూడదు. ఎక్స్, వై సున్నా అంటే తయారైన ముక్క ఎడమ కింది మూల. కట్టర్ 6 మి.మీ. రెండు ఫ్లూట్ల (రెండు కోత పళ్ళ) కార్బైడ్, 10,000 ఆర్‌పీఎం. పంటికి 0.025 మి.మీ. లెక్కన ఫీడ్ 0.025×2×10,000, అంటే నిమిషానికి 500.

జీ21 జీ17 జీ90 జీ94 జీ40
టీ1 ఎం6
ఎం3 ఎస్10000
జీ0 జెడ్5
జీ0 ఎక్స్0 వై-20
జీ1 జెడ్-1 ఎఫ్150
జీ41 డీ1
జీ1 ఎక్స్0 వై-8 ఎఫ్500
జీ1 వై80
జీ1 ఎక్స్80
జీ1 వై0
జీ1 ఎక్స్-12
జీ40
జీ1 ఎక్స్-25 వై-20
జీ0 జెడ్5

ఇందులో కట్టర్ సైజు 6 గానీ, దాని సగం 3 గానీ కొలతగా ఎక్కడా కనపడవు. అన్నీ ముక్క కొలతలే. డీ1 అంటే టూల్ టేబుల్‌లో 1వ నంబరు దగ్గర రాసిన వ్యాసం. డీ రాయకపోతే స్పిండిల్‌లో ఉన్న టూల్ వ్యాసాన్నే తీసుకుంటుంది.

చూడాల్సింది వై-20 నుంచి వై-8 దాకా పోయే వరుస. దాన్నే లీడ్-ఇన్ అంటారు. గీత మీద నిల్చున్న కట్టర్ ఈ 12 మి.మీ. దూరంలో మెల్లగా ఎడమకి జరిగి, చివరికి ఎక్స్-3 దగ్గర తేలుతుంది. ఈ వరుస పొడవు కనీసం కట్టర్ వ్యాసార్ధం కంటే ఎక్కువుండాలి. 2 మి.మీ. ఇస్తే లినక్స్‌సీఎన్‌సీ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఎర్రర్ ఇవ్వని కంట్రోలర్ అయితే ఇంకా ప్రమాదం, మూల కొరికేస్తుంది. ఈ జరుగుడంతా గాల్లోనే అయిపోవాలి: వై-8 దగ్గర కట్టర్ అంచు వై-5లో ఉంటుంది, ముడి ప్లేటు వై-2 దగ్గర మొదలవుతుంది. లీడ్-ఇన్ తిన్నని గీతే కావాలి. ఆర్క్ మీద జీ41 మొదలుపెడితే చాలా కంట్రోలర్లు ఒప్పుకోవు.

జెడ్‌ని జీ41కి ముందే దింపాం, జీ40 తర్వాతే ఎత్తాం. కాంపెన్సేషన్ నడుస్తుండగా జెడ్ కదిపితే లినక్స్‌సీఎన్‌సీ ఊరుకుంటుంది గానీ, ముందు వరుసలు కొన్నే చూడగలిగే పాత కంట్రోలర్లు తర్వాతి మూల ఎటు తిరుగుతుందో తెలియక తప్పుడు చోట ఆగుతాయి. ప్రోగ్రాంని ఇంకో మెషిన్‌కి తీసుకెళ్ళే అవకాశం ఉంటుంది కాబట్టి ఈ కట్టుబాటు పాటించడమే మేలు.

ప్రతి లోతుకీ జెడ్ మార్చి ఇదే చుట్టు తిరగాలి. ఒక్కో పాస్ 1 మి.మీ., చివరిది జెడ్-16.3, కింది ఎండీఎఫ్‌లోకి 0.3 దిగేలా. రఫ్ పాసుల్లో పక్కన కొంచెం మిగల్చాలంటే ప్రోగ్రాంలో కొలతలు మార్చనక్కర్లేదు. జీ41 డీ1 బదులు జీ41.1 డీ6.4 అని రాస్తే చాలు. చుక్క ఒకటి ఉన్న ఆ కోడ్ టేబుల్‌ని చూడదు, డీ పక్కన రాసిన అంకెనే వ్యాసంగా తీసుకుంటుంది. కట్టర్ 6.4 అని నమ్మి మెషిన్ దూరంగా నడుస్తుంది, పక్కకి 0.2 మిగులుతుంది. ఫినిష్‌కి డీ1.

బేరింగ్ గుంత: అసలు పరీక్ష

ముందు కట్టర్‌నీ స్పిండిల్‌నీ చూడాలి. కొలెట్ (కట్టర్ కాడని పట్టుకునే బిగింపు), నట్టు, కట్టర్ కాడ మూడూ బట్టతో తుడిచి బిగించండి. డయల్ ఇండికేటర్ ఆనించి స్పిండిల్‌ని చేత్తో తిప్పి కాడ దగ్గర ఎంత ఊగుతుందో చూడండి. 0.05 ఊగితే, కట్టర్ 6.00 ఉన్నా గాడి దాదాపు 6.05 దాకా తెరుచుకుంటుంది. నట్టు వదులు చేసి కట్టర్‌ని కొలెట్‌లో పావు చుట్టు తిప్పి మళ్ళీ బిగిస్తే ఒక్కోసారి ఊగుడు తగ్గుతుంది. తగ్గకపోతే కొలెట్ మార్చండి. బయటికి వేలాడే పొడవు అవసరానికి మించి పెట్టొద్దు. పొడవు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది.

రెండు ఫ్లూట్ల కట్టర్‌ని మైక్రోమీటర్‌తో అంచు నుంచి అంచుకి సూటిగా కొలవచ్చు. మూడు ఫ్లూట్లదాన్ని మామూలు మైక్రోమీటర్‌తో కొలిస్తే ఎదురుబొదురు అంచులుండవు కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఎలా కొలిచినా అది మొదటి అంచనాకే పనికొస్తుంది. ఊగుడూ వంగుడూ కలిసిన సైజు కోస్తేనే తెలుస్తుంది.

గుంత నడుము ఎక్స్40 వై40. లోపల ఖాళీ చేయడం మామూలు పనే: హెలిక్స్‌గా దిగి, రింగులు రింగులుగా 1 మి.మీ. చొప్పున 14 లోతుకి, గోడకి పక్కన 0.25 మిగిల్చి. అడుగుని ఇప్పుడే పూర్తిచేసేయాలి. తర్వాత గోడ ఫినిష్ పాస్ ఇలా:

జీ0 ఎక్స్40 వై30
జీ1 జెడ్-13.95 ఎఫ్150
జీ41 డీ1
జీ1 ఎక్స్53.5 వై30 ఎఫ్300
జీ3 ఎక్స్63.5 వై40 ఐ0 జే10
జీ3 ఎక్స్63.5 వై40 ఐ-23.5 జే0
జీ3 ఎక్స్53.5 వై50 ఐ-10 జే0
జీ40
జీ1 ఎక్స్40 వై50
జీ0 జెడ్5

గోడని ఎదురుగా వెళ్ళి గుద్దకుండా, 10 మి.మీ. వ్యాసార్ధం ఆర్క్‌తో ఒరుసుకుంటూ ఎక్కాలి. నేరుగా వెళ్ళి ఆగి తిరిగితే ఆగినచోట నిలువు గీటు పడుతుంది, బేరింగ్ దింపేటప్పుడు వేలికి తగులుతుంది. ఈ లీడ్-ఇన్ ఆర్క్ వ్యాసార్ధం కూడా కట్టర్ వ్యాసార్ధం కంటే పెద్దదిగా ఉండాలి. ఇక్కడ 10, కట్టర్‌ది 3, కాబట్టి ఇబ్బంది లేదు. జెడ్-13.95 ఎందుకంటే గోడ కోసేటప్పుడు కట్టర్ అడుగు నేలకి రాసుకుంటే కుదిపి గోడ చెడుతుంది. మూలన మిగిలే 0.05 మెట్టు బేరింగ్ అంచు గుండ్రంలో కలిసిపోతుంది. కట్టర్ ఫ్లూట్ పొడవు కనీసం 16 ఉండాలి.

ఇక కొలత. టూల్ టేబుల్‌లో 1వ టూల్ వ్యాసం కావాలని 6.20 అని రాయండి. ఈ ఫినిష్ పాస్‌ని ఒకసారి నడపండి. కట్టర్ నిజంగా 6.00 కోస్తుంటే గుంత 46.80 రావాలి. చిప్స్ ఊది, బర్ (అంచున లేచిన ముళ్ళు) తీసి, చేత్తో ముట్టుకుని ప్లేటు చల్లబడిందని చూసుకుని కొలవండి. 46.74 వచ్చిందనుకుందాం. లెక్క ఇలా:

కట్టర్ కోసే సైజు = కొలిచిన గుంత − కావలసిన గుంత + టేబుల్‌లోని అంకె
46.74 − 47.00 + 6.20 = 5.94

టేబుల్‌లో 5.94 పెట్టి అదే పాస్ మళ్ళీ నడిపితే 47.00 వస్తుంది. కొంచెం వీలుగా 47.01 కావాలంటే 5.93. మొదటి ఫినిష్‌లో గోడ నుంచి సుమారు 0.12–0.15, రెండోదాంట్లో 0.13 తీసాం. రెండుసార్లూ ఇంచుమించు ఒకే మందం తీయడం యాదృచ్ఛికం కాదు. మొదట 0.5 తీసి కొలిచి, తర్వాత 0.02 తీయబోతే కట్టర్ వంగే లెక్క మారిపోతుంది, 5.94 అన్నది అబద్ధమవుతుంది. స్ప్రింగ్ పాస్, అంటే ఏ అంకే మార్చకుండా అదే దారిలో ఇంకోసారి తిప్పడం, చేస్తే రెండుసార్లూ చేయండి. లేదంటే అసలు వద్దు.

ఈ లెక్కలో తప్పు దిశకి దిద్దడం తరచూ జరుగుతుంది. ఇది పట్టుకోండి: గుంత చిన్నగా వచ్చినా, బయటి అంచు పెద్దగా వచ్చినా టేబుల్‌లో అంకె తగ్గించాలి. గుంత పెద్దదైనా, బయటి అంచు చిన్నదైనా పెంచాలి. వ్యాసం రాసే టేబుల్‌కి, రెండు ఎదురు గోడల మధ్య కొలతలో ఎంత తేడా ఉంటే అంతా మార్చాలి. వ్యాసార్ధం రాసే టేబుల్‌కి అందులో సగం. ఒక అంచు నుంచి మెట్టు దాకా కొలిచే ఒంటి గోడ కొలతలో తేడా 0.03 ఉంటే వ్యాసం టేబుల్‌లో 0.06 మార్చాలి.

వెర్నియర్ లోపలి పళ్ళతో గుండ్రటి గుంతని కొలిస్తే నూరో వంతుల దగ్గర నమ్మకం ఉండదు. టెలిస్కోపిక్ గేజ్, మైక్రోమీటర్ ఉంటే వాడండి. లేకపోతే పాత 6204 బేరింగ్ ఒకటి శుభ్రంగా తుడిచి పక్కన పెట్టుకోండి. టేబుల్‌లో 0.02 చొప్పున తగ్గిస్తూ పాస్ నడిపి, బొటనవేళ్ళతో నొక్కితే దిగేదాకా చూడండి. గుంత పైన బేరింగ్ దూరి, 5 మి.మీ. దిగాక పట్టేస్తే అది కాంపెన్సేషన్ తప్పు కాదు. కట్టర్ కొన వంగి గోడ ఏటవాలుగా వచ్చింది. వేలాడే పొడవు తగ్గించి, ఫీడ్ సగం చేసి, స్ప్రింగ్ పాస్ ఇవ్వాలి. టేబుల్‌లో అంకె తగ్గిస్తే పైభాగం వదులైపోతుంది, అంతే.

ఎండాకాలం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పొద్దున 27 డిగ్రీలున్న రేకుల షెడ్డు మధ్యాహ్నానికి 42 దాటడం అనంతపురంలో, కడపలో మే నెలలో మామూలే. అల్యూమినియం 100 మి.మీ.కి 15 డిగ్రీలకి దాదాపు 0.035 సాగుతుంది. మన 47 గుంతకి అది 0.016, బేరింగ్ పట్టుకి అదే ఎక్కువ. యాక్రిలిక్ అయితే ఇంకా ఘోరం: 300 మి.మీ. షీటు అదే వేడికి 0.3 పెరుగుతుంది. మధ్యాహ్నం కోసిన యాక్రిలిక్ ముక్క మర్నాడు పొద్దున చిన్నదైపోయిందని టూల్ టేబుల్‌ని దిద్దితే ఆ తర్వాతి ముక్కలన్నీ చెడతాయి. యాక్రిలిక్‌ని ఎప్పుడు కోస్తారో అప్పుడే కొలవండి, లేదా కోత పొద్దున్నే పెట్టుకోండి.

తప్పు కట్టర్‌దేనా?

కాంపెన్సేషన్ అంకెతో మెషిన్ రోగాలన్నీ కుదరవు. పాత ఎండీఎఫ్ ముక్క మీద 20 మి.మీ. చదరం ఒకటి, 100 మి.మీ. చదరం ఒకటి కోసి చూస్తే ఏది ఏమిటో తేలిపోతుంది. రెండూ 0.10 పెద్దగా వస్తే కట్టర్ అంకె తప్పు: దాని తేడా ముక్క సైజుతో పెరగదు. 20ది 0.02, 100ది 0.10 పెద్దగా వస్తే మి.మీ.కి స్టెప్పుల (ఒక మి.మీ. జరగడానికి మోటారు వేసే అడుగులు) సెట్టింగు తప్పు. ఎక్స్ సరిగ్గా ఉండి వై ఒక్కటే తేడా ఉంటే ఆ వైపు స్టెప్పులో, స్క్రూ ప్లేయో చూడాలి. భుజాలు సరిగ్గా ఉండి ఐమూల కొలతలు రెండూ కలవకపోతే గ్యాంట్రీ ఒంకర. గుండ్రం కోస్తే గడియారంలో 12, 3, 6, 9 దగ్గర చిన్న మెట్లు కనిపిస్తే బ్యాక్‌లాష్, అంటే స్క్రూ ప్లే. స్టెప్పుల సెట్టింగు తప్పుగా ఉన్న మెషిన్‌లో 47 గుంతకి కుదిరేలా కట్టర్ అంకె దిద్దుకుంటే, ఆ అంకె 80 అంచుకి కుదరదు. ముందు స్టెప్పులు, తర్వాత ప్లే, ఆఖరున కట్టర్.

జీఆర్‌బీఎల్ ఉన్నవాళ్ళకి

చేత్తో రాసుకునే పనైతే లెక్క కష్టమేమీ కాదు. గుంత వ్యాసార్ధంలోంచి కట్టర్ వ్యాసార్ధం తీసేయాలి: 23.5 − 3 = 20.5. కట్టర్‌ని ఎక్స్60.5 వై40 దగ్గరికి తెచ్చి జీ3 ఎక్స్60.5 వై40 ఐ-20.5 అంటే 47 గుంత. కోసే సైజు 5.94 అని తేలితే 23.5 − 2.97 = 20.53, కాబట్టి ఎక్స్60.53, ఐ-20.53. బయటి గుండ్రటి మూలకి కట్టర్ వ్యాసార్ధం కలపాలి, లోపలి గుండ్రటి మూలలోంచి తీసేయాలి. చదరపు బయటి అంచుకి నాలుగు గీతల్నీ 3 బయటికి జరిపితే సరి: -3 నుంచి 83 దాకా.

ముక్కలో నాలుగైదు ఆర్కులుంటే ఈ చేతిలెక్క వద్దు. క్యామ్‌లో టూల్ వ్యాసం దగ్గర 6.00 బదులు 5.94 రాసి, ఫైలు మళ్ళీ తీయండి. పైన చెప్పిన 6.20 కిటుకు ఇక్కడా పనిచేస్తుంది, ఒకే తేడా ఏమంటే ప్రతిసారీ కొత్త ఫైలు. ఫైలు పేరులో వ్యాసం పెట్టుకుంటే పాతదీ కొత్తదీ కలిసిపోవు. టూల్ లైబ్రరీలో ప్రతి కట్టర్‌కీ వేరే పేరుండాలి. ‘6 మి.మీ.’ అని ఒకటే పేరు పెట్టి, కొత్తదానికీ సాన పట్టినదానికీ అదే వాడితే వారంలో తప్పు జరుగుతుంది. కట్టర్ డబ్బా మీద కోసే సైజు, ఏ లోహం మీద కొలిచారో మార్కర్‌తో రాసి పెట్టండి. అల్యూమినియంలో 5.94 కోసిన కట్టర్ టేకులో 5.98 కోయవచ్చు, చెక్క దాన్ని అంత వంచదు.

లోపలి మూలల విషయం జీ41 ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకటే. 6 మి.మీ. కట్టర్ 3 కంటే చిన్న గుండ్రటి మూలలోకి దూరదు. లినక్స్‌సీఎన్‌సీ ఎర్రర్ ఇస్తుంది, క్యామ్ అయితే చప్పుడు చేయకుండా మూలని వదిలేస్తుంది. సరిగ్గా 3 పెట్టినా బాగుండదు, అక్కడ కట్టర్ నడుము నిలబడిపోయి చప్పుడు చేస్తూ మూలని కొరుకుతుంది. 3.3 గానీ 3.5 గానీ పెట్టండి. ఎదుటి ముక్క చదరపు మూలతో కూర్చోవాలంటే, మూలన మిగిలే 1.24 మి.మీ.ని తీయడానికి డాగ్‌బోన్ పెట్టాలి, అంటే కట్టర్‌ని ఐమూలగా అంత దూరం లోపలికి పంపి వెనక్కి తేవడం.

కరెంటు పోయినప్పుడు

కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండి, స్పిండిల్‌కి లేకపోతే కరెంటు పోగానే స్పిండిల్ ఆగుతుంది, యాక్సిస్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆగిన కట్టర్ ముక్కలోకి దూసుకెళ్ళి విరుగుతుంది. యూపీఎస్ పెట్టుకుంటే డ్రైవర్ల పవర్ కూడా స్పిండిల్ లైన్ మీదే ఉంచి, రెండూ ఒకేసారి పడిపోయేలా చూసుకోండి. లేదా స్పిండిల్ లైన్‌కి ఒక రిలే పెట్టి ఎమర్జెన్సీ స్టాప్‌కి కలపండి.

కరెంటు వచ్చాక చుట్టు మధ్యలోంచి మొదలుపెట్టొద్దు. మధ్య వరుసని ఎంచుకుంటే జీ41 ఉందో లేదో, ఉన్నా లీడ్-ఇన్ లేకుండా కట్టర్ ఎటు జరుగుతుందో చెప్పలేం. హోమింగ్ చేసి, సున్నాలు సరిచూసి, ఎండీఐలో (చేత్తో ఒక్కో ఆదేశం కొట్టే చోటు) జీ40 కొట్టి, ఆగిన లోతుకి సంబంధించిన జీ0 వరుస నుంచి, అంటే స్పిండిల్ తిరుగుతుండగా కట్టర్ ముక్క బయట ఉన్నచోటి నుంచి మొదలుపెట్టాలి. సగం చుట్టు గాల్లో తిరుగుతుంది, తిరగనివ్వండి.

తెలుగు అక్షరాలు, కడప బండ

ఈ వైపు చిన్న మెషిన్లకి వచ్చే పనుల్లో నేమ్‌ప్లేట్లు, గుడి బోర్డులు తరచూ ఉంటాయి. ఇక్కడ కట్టర్ సైజు ఇంకో రూపంలో తిప్పలు పెడుతుంది. డీటీపీ ఫాంటులో కొట్టిన పేరుని కోరల్‌డ్రాలో కర్వ్స్‌గా మారిస్తే తలకట్టు, గుణింతం, ఒత్తు వేరువేరు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అలాగే క్యామ్‌కి ఇస్తే ప్రతి ముక్క చుట్టూ విడివిడిగా ఆఫ్‌సెట్ వేసి, ‘కి’ మధ్యలో గుడిని అడ్డంగా కోసేస్తుంది. ముందు అన్నింటినీ వెల్డ్ చేసి ఒకే గీత చేయాలి. తెరిచి ఉన్న గీత ఒక్కటున్నా క్యామ్‌కి లోపలేదో బయటేదో తెలియదు.

తర్వాత అక్షరంలో అన్నిటికంటే సన్నని సందు కొలవండి. ‘శ్రీ’లో రావత్తుకీ పై అక్షరానికీ మధ్య సందు 1.8 మి.మీ. ఉంటే 2 మి.మీ. కట్టర్ అందులోకి పోదు, ఒత్తు అక్షరానికి అతుక్కునే ఉంటుంది. అక్షరం పెద్దది చేయడమో, 1.5 కట్టర్ వాడటమో, సందు కొంచెం విడదీసి గీయడమో తప్పదు.

వీ-బిట్ (వీ ఆకారం కొన ఉన్న కట్టర్) వాడితే దాని సైజు లోతుని బట్టి మారుతుంది. 60 డిగ్రీల బిట్, కొన 0.1, లోతు 2 మి.మీ. అయితే గాడి వెడల్పు 2×2×0.577 + 0.1, అంటే 2.41. లోతు 0.2 మారితే వెడల్పు 0.23 మారుతుంది. కడప నల్లబండ పైకి చదునుగా కనిపించినా పాలిష్ చేయనిది ఒక అడుగులో అర మిల్లీమీటరు ఎత్తుపల్లాలు ఉండొచ్చు. అక్షరాలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తే కట్టర్‌ని అనకుండా ముందు బండ మీద డయల్ నడిపించండి. పాలిష్ బండ తెచ్చుకోండి, లేదా ప్రోబ్‌తో హైట్ మ్యాప్ (బండ ఎత్తుపల్లాల పటం) తీసుకోండి.

రాయి కట్టర్‌ని తినేస్తుంది. అల్యూమినియంలో నెలలు నిలిచిన 3 మి.మీ. కార్బైడ్ బండ మీద ఒక్క బోర్డులోనే చివరి అక్షరానికి సన్నబడి ఉంటుంది. నీళ్ళు పారుతూ ఉండాలి, దుమ్ము లేవకూడదు, ముక్కుకి మాస్కు ఉండాలి. రాతిలో ఇంకో ముక్క కూర్చోబెట్టాల్సిన పని, ఉదాహరణకి ఇత్తడి అక్షరాలు పొదగడం, ఉంటే బోర్డు మూలన పనికిరాని చోట 10 మి.మీ. గుంత మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి కోయండి. మొదటిది 9.98, చివరిది 9.86 వస్తే కట్టర్ 0.12 అరిగింది. చివరి అక్షరాల గుంతల్ని టేబుల్‌లో 0.12 తగ్గించి ఇంకోసారి తిప్పాలి. అక్షరాల వరుస ఎడమ నుంచి కుడికి కోసి ఉంటే, ముందుగా పట్టేసేది కుడివైపు చివరి ఇత్తడి అక్షరమే, అక్కణ్ణించి వెనక్కి చూసుకుంటూ రండి.